ఐసీపీ-ఎంఎస్ వచ్చాక పరిశోధన ఏం మిగిలింది? ఒక పాలమూరు విద్యార్థికి జవాబు

మీరు అడిగినవి మూడు ప్రశ్నలు. పాలమూరు విశ్వవిద్యాలయంలో ఎమ్మెస్సీ కెమిస్ట్రీ పూర్తి చేసి, అటామిక్ స్పెక్ట్రోస్కోపీలో, అంటే పరమాణువుల ద్వారా మూలకాలను కొలిచే రంగంలో, పీహెచ్‌డీ చేయాలనుకుంటున్నారు. నల్లగొండ నీళ్లలో ఫ్లోరైడ్‌ను ఐసీపీ-ఎంఎస్‌తో, అంటే మూలకాలను అతి వేడి ప్లాస్మాలో అయాన్లుగా మార్చి ద్రవ్యరాశిని బట్టి లెక్కించే యంత్రంతో, కొలవడాన్ని అంశంగా పెట్టుకోవచ్చా అన్నది మొదటిది. డెబ్బై మూలకాలను యంత్రమే నిమిషాల్లో కొలిచి ఇస్తుంటే మనిషి చేయడానికి ఏం మిగిలిందని సీనియర్లు అంటున్నారు, అది నిజమేనా అన్నది రెండోది. జడ్చర్లలో ఫార్మా ఉద్యోగం చేతికొచ్చింది, చేరాలా వద్దా అన్నది మూడోది. నాది దేవరకొండ వైపు ఊరు. హైదరాబాద్‌లో ఒక పరిశోధనాలయంలో ఫ్లేమ్ ఏఏఎస్ (మంటలోని పరమాణువులు పీల్చుకునే కాంతిని కొలిచే పద్ధతి) కాలం నుంచి ఐసీపీ-ఎంఎస్ దాకా ఇదే పని చేసి రిటైరయ్యాను. అందుకే ఫ్లోరైడ్ దగ్గరే మొదలుపెడతాను. దాని గురించి చెబితే మీ రెండో ప్రశ్నకు సగం జవాబు వచ్చేస్తుంది.

ఫ్లోరైడ్‌ను ఐసీపీ-ఎంఎస్‌తో మామూలు పద్ధతిలో కొలవలేరు. ఆ యంత్రం పనిచేయాలంటే ముందు ప్లాస్మాలో పరమాణువు ఒక ఎలక్ట్రాన్‌ను పోగొట్టుకుని ధనాత్మక అయాన్ కావాలి. ప్లాస్మా ఆర్గాన్‌ది. ఆర్గాన్ అయనీకరణ శక్తి 15.76 ఎలక్ట్రాన్ వోల్టులు, ఫ్లోరిన్‌ది 17.42. తన దగ్గర లేనిది ప్లాస్మా ఎక్కడి నుంచి తెచ్చిస్తుంది? ఏఏఎస్ వైపు పోదామంటే అక్కడ వేరే అడ్డంకి ఉంది. ఫ్లోరిన్ ప్రధాన శోషణ రేఖ 95 నానోమీటర్ల దగ్గర, సుదూర అతినీలలోహిత ప్రాంతంలో ఉంటుంది. దీపం నుంచి డిటెక్టర్‌కు చేరేలోపే గాలి ఆ కాంతిని మింగేస్తుంది. మా నల్లగొండ జిల్లా పేరును దేశమంతా వినిపించిన మూలకం, మన రంగంలోని పెద్ద యంత్రాలకు కనబడని కొద్ది మూలకాల్లో ఒకటి కావడం విచిత్రమే.

మరి ఇన్నేళ్లుగా దాన్ని ఎలా కొలుస్తున్నారంటే, లాంథనం ఫ్లోరైడ్ స్ఫటికంతో చేసిన ఎలక్ట్రోడ్‌తో. ఫ్రాంట్, రాస్ అనే ఇద్దరు 1966లో దాన్ని ప్రకటించారు. ఐసీపీ-ఎంఎస్ ధర పక్కన దాని ధర లెక్కలోకే రాదు. పీహెచ్‌డీలో కూడా మీరు దాన్ని వదలకూడదు, ఏ కొత్త పద్ధతి కనిపెట్టినా దానితో పోల్చి చూపించాల్సిందే. అయితే ఆ ఎలక్ట్రోడ్ స్వేచ్ఛగా ఉన్న ఫ్లోరైడ్ అయాన్‌నే చూస్తుంది. అల్యూమినియంతోనో ఇనుముతోనో జట్టుకట్టిన ఫ్లోరైడ్ దానికి తెలియదు. నీళ్లు మరీ క్షారంగా ఉంటే హైడ్రాక్సైడ్‌ను ఫ్లోరైడ్‌గా పొరబడుతుంది. అందుకే టిసాబ్ ద్రావణం కలిపి పీహెచ్‌ను 5 నుంచి 5.5 మధ్యకు తెచ్చి, లోహాల పట్టు విడిపించి కొలుస్తాం. పటిక వేసి శుద్ధి చేసిన నీళ్లను టిసాబ్ లేకుండా కొలిచి, ఫ్లోరైడ్ ఎంతో తగ్గిపోయిందని రాసిన నివేదికలు నేను చూశాను. అది తగ్గలేదు, అల్యూమినియం చాటున దాక్కుంది.

దొడ్డిదారులు మాత్రం ఉన్నాయి, పరిశోధన ఉన్నదీ వాటిలోనే. ఒకటి, ఫ్లోరిన్‌ను పరమాణువుగా కాకుండా అణువుగా చూడటం. గ్రాఫైట్ ఫర్నేస్‌లో, అంటే విద్యుత్తుతో వేడెక్కే చిన్న కార్బన్ గొట్టంలో, నమూనాకు గాలియం కలిపి వేడి చేస్తే గాలియం మోనోఫ్లోరైడ్ పుడుతుంది, అది 211.2 నానోమీటర్ల దగ్గర కాంతిని పీల్చుకుంటుంది. జినాన్ దీపంతో పనిచేసే హై రిజల్యూషన్ ఏఏఎస్ ఉంటే దాన్ని కొలవచ్చు. రెండు, నమూనాలో బేరియం కలిపి ప్లాస్మాలోకి పంపి, అక్కడ పుట్టే బేరియం ఫ్లోరైడ్ అయాన్‌ను ద్రవ్యరాశి 157 దగ్గర పట్టుకోవడం. దీనికి రెండు క్వాడ్రుపోల్స్ (ద్రవ్యరాశిని బట్టి అయాన్లను వేరుచేసే భాగాలు) ఉన్న ఐసీపీ-ఎంఎస్ అయితే మేలు. శుద్ధమైన నీటిలో కలిపిన స్టాండర్డ్‌తో (ఫ్లోరైడ్ ఎంతో ముందే తెలిసిన ద్రావణంతో) ఈ రెండూ చక్కగా వస్తాయి. ఇక మన బోరు నీళ్లు తీసుకోండి. కాల్షియం ఎక్కువున్న చోట అది గాలియంతో పోటీపడి ఫ్లోరిన్‌ను తనవైపు లాక్కుంటుంది. సల్ఫేట్ ఎక్కువున్న చోట, పలుచన సరిపోకపోతే, మీరు కలిపిన బేరియమే తెల్లటి మడ్డిగా దిగిపోతుంది. ఇతర లవణాలన్నీ కలిసిన ఆ నీటిలో (మ్యాట్రిక్స్‌లో) పద్ధతిని నిలబెట్టడమే ఒక థీసిస్‌లో గట్టి అధ్యాయం అవుతుంది.

కానీ నన్నడిగితే మీరు ఫ్లోరైడ్‌ను కొలవడం కన్నా, ఫ్లోరైడ్ చుట్టూ ఉన్న లోహాలను పట్టుకోండి. అటామిక్ స్పెక్ట్రోస్కోపీకి మన దగ్గర అసలు పని అక్కడుంది.

మొదట అల్యూమినియం. పటిక, సున్నం, బ్లీచింగ్ పౌడరుతో ఫ్లోరైడ్ తీసే పద్ధతిని నీరి (జాతీయ పర్యావరణ ఇంజనీరింగ్ పరిశోధన సంస్థ) 1970లలో రూపొందించింది, అది నల్లగొండ టెక్నిక్ పేరుతోనే పాఠ్యపుస్తకాలకెక్కింది. పటిక వేశాక నీటిలో ఎంత అల్యూమినియం మిగులుతుందన్నది పీహెచ్ మీద ఆధారపడుతుంది. ఆరు, ఆరున్నర దగ్గర అది బాగా మడ్డి కడుతుంది, నీళ్లు క్షారంగా ఉన్నకొద్దీ మళ్లీ కరుగుతుంది. మన ఫ్లోరైడ్ నీళ్లు సాధారణంగా సోడియం బైకార్బొనేట్ రకానివి, క్షారత ఎక్కువ. భారత ప్రమాణం ఐఎస్ 10500 ప్రకారం తాగునీటిలో అల్యూమినియం లీటరుకు 0.03 మిల్లీగ్రాములు మించకూడదు, వేరే నీరు దొరకని చోట 0.2 వరకు ఒప్పుకుంటారు. ఈ స్థాయిలో అల్యూమినియం కొలవడం నల్లగొండ ఎండాకాలంలో ఎంత కష్టమో చేసినవాళ్లకే తెలుస్తుంది. గాలిలో లేచే ప్రతి దుమ్ము రేణువులోనూ అల్యూమినియం ఉంటుంది. కిటికీ తెరిచి ఉన్న గదిలో నమూనా తయారుచేస్తే నీళ్ల లెక్క కన్నా బ్లాంక్ (నమూనా కలపని ఖాళీ ద్రావణం) లెక్కే ఎక్కువ వస్తుంది.

తర్వాత మాలిబ్డినం, రాగి. ఈ సంగతి ఈ తరానికి పెద్దగా తెలియదు. ఫ్లోరోసిస్ ఉన్న ప్రాంతాల పిల్లల్లో మోకాళ్లు లోపలికి వంగిపోయే జబ్బు గురించి హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థ శాస్త్రవేత్తలు 1973లో లాన్సెట్ పత్రికలో రాశారు. ఆ తర్వాత అదే దశకంలో, జబ్బున్న ఊళ్లలో, లేని ఊళ్లలో పండిన జొన్న, సజ్జ, వరి గింజల్లో రాగి, మాలిబ్డినం, జింక్ ఎంతెంత ఉన్నాయో పోల్చి చూశారు. మాలిబ్డినం పెరిగితే శరీరంలో రాగి అందుబాటు తగ్గుతుందన్నది ఆ ఆలోచనకు మూలం. అప్పటి పరికరాలతో ఆ పని చేయడం ఎంత కష్టమో నాకు తెలుసు. ఫ్లేమ్‌లో మాలిబ్డినం చూడాలంటే మామూలు గాలి-ఎసిటిలీన్ మంట చాలదు, నైట్రస్ ఆక్సైడ్ కావాలి. గ్రాఫైట్ ఫర్నేస్‌లో అయితే అది కార్బన్‌తో కలిసి కార్బైడ్‌గా మొండికేసి, ఒక నమూనాలోది తరువాతి నమూనాలో కనబడుతుంది.

ఇప్పుడు తాగునీళ్లు చాలా ఊళ్లకు మిషన్ భగీరథ పైపుల్లో వస్తున్నాయి. కానీ మర్రిగూడ, మునుగోడు వైపు చేలకు పారేది చాలావరకు బోరు నీళ్లే. ఆ నీళ్లతో పండే గింజలో, కూరగాయలో ఏముందన్న ప్రశ్న ఇంకా తెరిచే ఉంది. ఆధునిక ఐసీపీ-ఎంఎస్‌తో జొన్నను మళ్లీ చూడవచ్చు. అందులో చిక్కులు ఇలా ఉంటాయి: జొన్నలో పొటాషియం ఎక్కువ. ఇక్కడ అంకెలు ద్రవ్యరాశులు: ప్లాస్మాలో పొటాషియం 39, ఆర్గాన్ 40, ఆక్సిజన్ 16 కలిస్తే 95 అవుతుంది. మాలిబ్డినం ఐసోటోపుల్లో మనం సాధారణంగా చూసే వాటిలో ఒకటి సరిగ్గా 95. లేని మాలిబ్డినం ఉన్నట్టు కనబడుతుంది. 98ని కూడా చూసి రెండింటినీ పోల్చితే మోసం బయటపడుతుంది. ఇంకో సంగతి, గింజను మిక్సీలో పొడి చేయకండి. కొన్ని రకాల స్టెయిన్‌లెస్ స్టీలులో మాలిబ్డినం ఉంటుంది, క్రోమియం అయితే ఎలాగూ ఉంటుంది, చాలా రకాల్లో నికెల్ కూడా. అగేట్ అనే గట్టి రాతి రోలు వాడండి.

మన బోరు నీళ్ల ఉప్పదనం ఇంకా ఎన్ని ఆటలాడుతుందో చూడండి. సోడియం 23, ఆర్గాన్ 40 కలిస్తే 63, అది రాగి ప్రధాన ఐసోటోపు స్థానం. క్లోరిన్ 35, ఆర్గాన్ 40 కలిస్తే 75, అది ఆర్సెనిక్ స్థానం. రాగికి 65 అనే రెండో ఐసోటోపు ఉంది కాబట్టి సరిచూసుకోవచ్చు. ఆర్సెనిక్‌కు ప్రకృతిలో ఉన్నది 75 ఒక్కటే. ఒకసారి మా దగ్గరికి ఒక నివేదిక వచ్చింది, ఏ సంస్థదో చెప్పను. మన ప్రాంతపు కొన్ని బోర్లలో ఆర్సెనిక్ పరిమితి దాటిందని అందులో ఉంది. పరిమితి లీటరుకు 0.01 మిల్లీగ్రాము. పట్టికలో క్లోరైడ్ గడి చూస్తే, ఆర్సెనిక్ ఎక్కడ ఎక్కువుందో క్లోరైడ్ కూడా సరిగ్గా అక్కడే ఎక్కువుంది. ఇలాంటి జంట అయాన్లను హీలియంతో ఆపే కొలిజన్ సెల్ పెట్టి మళ్లీ కొలిచాం, ఆర్సెనిక్‌ను వాయువుగా మార్చి వేరుచేసే, క్లోరైడ్ ఇబ్బంది లేని హైడ్రైడ్ జనరేషన్‌తోనూ చూశాం. రెండింట్లోనూ ఆ ఆర్సెనిక్ దాదాపు మాయమైంది. ఈలోగా ఆ ఊళ్ల వాళ్లు ఎంత భయపడి ఉంటారో ఆ నివేదిక రాసినవాళ్లు ఆలోచించినట్టు లేరు. యంత్రం అబద్ధం చెప్పలేదు, 75 దగ్గర ఏదో ఉందని మాత్రమే చెప్పింది. అది ఆర్సెనిక్ అని రాసింది మనిషి.

మీ సీనియర్ల మాటకు నా జవాబు ఇందులోనే ఉంది. డెబ్బై మూలకాల పట్టిక ఇవ్వడానికి నేర్పు అక్కర్లేదు. అందులో ఏ అంకెను నమ్మాలో చెప్పడానికి కెమిస్ట్ కావాలి.

ఈ రంగం ఎలా పెరిగిందో చూసినా అదే తెలుస్తుంది. జర్మన్ శాస్త్రవేత్తలు బున్సెన్, కిర్‌కాఫ్ 1860లో మంటలో నీలి గీతలు చూసి సీజియంను, మరుసటి ఏడు రుబీడియంను పట్టుకున్నారు. ఆ తర్వాత తొంభై ఏళ్లకు పైగా రసాయన విశ్లేషకులు దాదాపు అందరూ మంటలో పరమాణువు వెదజల్లే కాంతినే చూస్తూ వచ్చారు. ఆస్ట్రేలియాలో అలన్ వాల్ష్ అనే భౌతికశాస్త్రవేత్త ఒకవైపు లోహాల ఉద్గార వర్ణపటాలు, మరోవైపు అణువుల పరారుణ శోషణ, రెండు పనులూ చేసేవాడు. అణువులను శోషణలో చూస్తున్నాం, పరమాణువులను మాత్రం ఉద్గారంలోనే ఎందుకు చూడాలన్న ప్రశ్న 1952లో ఒక ఆదివారం ఇంటి తోటలో పని చేస్తుండగా ఆయనకు తట్టింది. లెక్క చూస్తే ఆశ్చర్యమేస్తుంది. మంట వేడిలో కూడా ఉత్తేజితమయ్యే సోడియం పరమాణువులు పదివేలకు కొన్ని మాత్రమే. జింక్ అయితే వంద కోట్లకు ఒకటి కూడా ఉండదు. మిగతావన్నీ కింది స్థాయిలోనే ఉండిపోతాయి, అంటే కాంతిని పీల్చుకోవడానికి సిద్ధంగా ఉంటాయి. 1954లో మెల్‌బోర్న్‌లో పరికరం ప్రదర్శిస్తే వచ్చినవాళ్లు పెద్దగా ఆసక్తి చూపలేదు. 1955లో వ్యాసం అచ్చయింది. అదే ఏఏఎస్. అందులో కొత్త పదార్థమేమీ లేదు, అప్పటికే ఉన్న జ్ఞానాన్ని వాల్ష్ రెండో వైపు నుంచి చూశాడు, అంతే.

రష్యాలో ల్వోవ్ గ్రాఫైట్ ఫర్నేస్, ఇంగ్లాండులో గ్రీన్‌ఫీల్డ్, అమెరికాలో ఫాసెల్ 1960లలో తెచ్చిన ప్లాస్మా, 1980లో ఫాసెల్ బృందం నుంచే హౌక్ తదితరులు చూపిన ఐసీపీ-ఎంఎస్, ఇవన్నీ మీ సిలబస్‌లో ఉంటాయి కాబట్టి మళ్లీ చెప్పను. మేఘనాథ్ సాహాను మాత్రం మర్చిపోకండి. నక్షత్రాల కోసం 1920లో ఆయన ఇచ్చిన అయనీకరణ సమీకరణం మన ఫ్లేమ్‌లో రోజూ పని చేస్తుంది. సోడియం నిండిన బోరు నీళ్లలో పొటాషియం కొలిస్తే లెక్క ఎందుకు ఎక్కువ వస్తుందో, చిటికెడు సీజియం క్లోరైడ్ కలిపితే ఎందుకు కుదురుకుంటుందో ఆ సమీకరణం చెబుతుంది. ఇంటర్వ్యూలో ఈ ప్రశ్న అడిగితే తడబడనివాళ్లు చాలా తక్కువ.

నీళ్ల మీద పని చేయాలనుకుంటే యురేనియం గురించీ ఆలోచించండి. యురేనియం నిల్వలు గుర్తించిన లంబాపూర్, పెద్దగట్టు, చిత్రియాల పేర్లు మీకు తెలిసే ఉంటాయి, అమ్రాబాద్ మీ పక్కనే. బైకార్బొనేట్ నీళ్లలో యురేనియం కార్బొనేట్‌తో కలిసి తేలిగ్గా కదులుతుంది, కాబట్టి ఫ్లోరైడ్ నీళ్లున్న చోట దాన్నీ చూడటం సమంజసం. తాగునీటి ప్రమాణంలో యురేనియానికి లీటరుకు 0.03 మిల్లీగ్రాముల పరిమితిని 2021లో చేర్చారు. 238 దగ్గర ఐసీపీ-ఎంఎస్‌కు పెద్దగా అడ్డు లేదు, ఇంటర్నల్ స్టాండర్డ్‌గా (పోలిక కోసం ప్రతి నమూనాలో ఒకే మోతాదులో కలిపే మూలకంగా) బిస్మత్ పెట్టుకుంటే సరిపోతుంది. కష్టం యంత్రం దగ్గర కాదు, ఊరి దగ్గర. యురేనియం తవ్వకాలపై 2019లో జరిగిన ఆందోళనల తర్వాత ఆ ఊళ్లలో సీసా పట్టుకుని దిగితే ముందు ఎవరి తరఫున వచ్చారని అడుగుతారు, అడగాలి కూడా. సర్పంచ్‌కు చెప్పి వెళ్లండి, ఫలితాలు తెలుగులో రాసి వాళ్లకు తిరిగివ్వండి.

ప్రతి బోరు దగ్గర రెండు సీసాలు నింపండి. లోహాల సీసాను పది శాతం నైట్రిక్ ఆమ్లంలో నానబెట్టి కడిగి ఉంచుకోవాలి. నీటిని 0.45 మైక్రాన్ ఫిల్టరులో వడకట్టి, అక్కడికక్కడే నైట్రిక్ ఆమ్లం వేసి పీహెచ్‌ను 2 కంటే కిందికి దించాలి. ల్యాబ్‌కు వచ్చాక వేద్దామనుకుంటే ఈలోగా కార్బన్ డయాక్సైడ్ పోయి కాల్షియం కార్బొనేట్ సీసా గోడకు పట్టుకుంటుంది, దాంతో పాటు కొన్ని లోహాలూ పోతాయి. ఫ్లోరైడ్ సీసాలో ఆమ్లం వేయకూడదు, గాజు సీసా అసలే వద్దు.

ఇక ఉద్యోగం సంగతి. జడ్చర్ల, చౌటుప్పల్ వైపు ఫార్మా కంపెనీలకు మన రంగం వాళ్ల అవసరం ఊరికే పెరగలేదు. మందుల్లో భార లోహాలను వందేళ్లుగా సల్ఫైడ్ రంగు చూసి కంటితో అంచనా కట్టేవాళ్లు. నమూనాను కాల్చి బూడిద చేసేటప్పుడే అందులోని పాదరసం ఎగిరిపోయేది. మందుల్లో లోహ మలినాలపై ఐసీహెచ్ క్యూ3డీ అనే అంతర్జాతీయ మార్గదర్శకం 2014 చివర్లో వచ్చింది, అమెరికా ఫార్మకోపియా (మందుల ప్రమాణాల గ్రంథం) 2018 జనవరి నుంచి పాత పరీక్షను తీసేసింది. నోటి ద్వారా తీసుకునే మందుకు సీసం, కాడ్మియం రోజుకు చెరో 5 మైక్రోగ్రాములు, ఆర్సెనిక్ 15, పాదరసం 30 పరిమితి. దీనికి ఐసీపీ-ఎంఎస్ తప్ప తేలికైన దారి లేదు. అందువల్ల మీకు పని దొరుకుతుంది, నిలుస్తుంది. క్రమశిక్షణ కూడా వస్తుంది: ప్రతి అంకెకూ సంతకం, ప్రతి ద్రావణానికీ తేదీ, వ్యాలిడేషన్ (పద్ధతి నమ్మదగినదని రుజువు చేయడం) అంటే ఏమిటో చేతికి తెలుస్తుంది. విశ్వవిద్యాలయాల్లో ఇది నేర్పరు. అయితే రొటీన్ విభాగంలో పడితే ఒకటే మందు, ఒకటే పద్ధతి, ఏడాదికే విసుగొస్తుంది. మెథడ్ డెవలప్‌మెంట్‌లో ఇస్తేనే చేరండి. ఇంట్లో అప్పులుంటే మాత్రం ఈ సలహా పక్కన పెట్టి ఏది ఇచ్చినా చేరండి, రెండేళ్ల తర్వాత పీహెచ్‌డీకి రావచ్చు. అలా వచ్చినవాళ్లే మా ల్యాబ్‌లో బాగా పని చేశారు.

నేరుగా పీహెచ్‌డీ అయితే నెట్ పరీక్ష రాసి జేఆర్ఎఫ్ (పరిశోధన ఫెలోషిప్) తెచ్చుకోండి. 2023 నుంచి నెలకు 37,000 రూపాయలు ఇస్తున్నారు, గైడ్ ప్రాజెక్టు డబ్బు మీద ఆధారపడక్కర్లేదు. హైదరాబాద్‌లో హబ్సీగూడలో ఎన్జీఆర్ఐ (భూభౌతిక పరిశోధన సంస్థ), తార్నాకలో ఐఐసీటీ (రసాయన సాంకేతిక సంస్థ), బేగంపేటలో అణు ఖనిజాల డైరెక్టరేట్, ఈసీఐఎల్ వైపు అణు ఇంధన సముదాయం, బార్క్ (భాభా అణు పరిశోధన కేంద్రం) వారి పదార్థ విశ్లేషణ కేంద్రం ఉన్నాయి. ఒక్క నగరంలో ఇన్ని చోట్ల మూలకాల విశ్లేషణ జరగడం దేశంలో అరుదు, మీకది బస్సు దూరంలో ఉంది.

గైడ్‌ను ఖాయం చేసుకునే ముందు ఒకసారి ఆ ల్యాబ్‌కు వెళ్లండి. యంత్రం ఏ మోడల్ అని అడగకండి, ఆర్గాన్ ఎవరు కొంటారని అడగండి. ప్లాస్మా నిమిషానికి 15 లీటర్లకు పైగా తాగుతుంది, ఏడు ఘనమీటర్ల సిలిండర్ ఒక పనిరోజుకు మించి రాదు. కోట్ల యంత్రం కొని, సిలిండర్‌కు డబ్బుల్లేక గుడ్డ కప్పి ఉంచిన చోట్లు చాలానే ఉన్నాయి. వాడకం రిజిస్టర్ చూపించమనండి. గత ఆరు నెలల్లో యంత్రం ఎన్ని రోజులు వెలిగిందో, సర్టిఫైడ్ రిఫరెన్స్ నీళ్లు (ఏ మూలకం ఎంతుందో ధృవీకరించిన పోలిక నమూనా) ఎన్నిసార్లు నడిపారో అందులో ఉంటుంది. ఆ రెండూ కనబడకపోతే ఇంకో ల్యాబ్ చూసుకోండి.